రైలు పట్టాల కింద పుట్టిన స్ప్రింగు

నేల మెత్తగా ఉన్నా, కాలమ్‌లు మరీ దగ్గరగా వచ్చినా విడివిడి పునాదులు వేయరు. భవనం అడుగంతా ఒకటే మందపాటి కాంక్రీటు పలక పరుస్తారు. దాన్ని కొందరు రాఫ్ట్ అంటారు, కొందరు మ్యాట్ అంటారు. ఆ పలకను కంప్యూటర్లో డిజైన్ చేసేటప్పుడు కింద ఉండేది మట్టి కాదు, వందల స్ప్రింగులు. ఒక్కో స్ప్రింగు ఎంత బిగువుగా ఉండాలో చెప్పే అంకెను ఇంజనీర్లు ‘కె విలువ’ అంటారు. ఆ అంకె పుట్టింది భవనాల కోసం కాదు.

1867లో ఎమిల్ వింక్లర్ అనే జర్మన్ ఇంజనీరు ప్రాగ్‌లో పాఠాలు చెబుతూ, పదార్థాల సాగుగుణం, దృఢత్వాల మీద ఒక పుస్తకం వెలువరించాడు. యూరప్‌లో రైలు మార్గాలు అల్లుకుపోతున్న కాలమది. చక్రం బరువుకి పట్టా ఎంత వంగుతుందో లెక్క తేలాలి. వింక్లర్ ఒక సాహసమైన ఊహ చేశాడు: నేల ఒకచోట ఎంత కుంగితే అక్కడే అంత నిష్పత్తిలో ఎదురొత్తిడి పుడుతుంది, పక్క నేలకు ఆ సంగతే తెలియదు. సన్నని పట్టాకు ఈ ఊహ చక్కగా సరిపోయింది. 1888లో జిమ్మర్‌మన్ అనే ఇంజనీరు దీని మీదే రైలు మార్గాల లెక్కలన్నీ నిలబెట్టాడు.

ఈలోగా 1884లో హెర్ట్జ్ నీటి మీద తేలే పలక ఎలా వంగుతుందో లెక్కగట్టాడు. రేడియో తరంగాలను కనిపెట్టిన హెర్ట్జే ఆయన. చిత్రమేమంటే ఆ సమీకరణం, స్ప్రింగుల మీద పరిచిన పలక సమీకరణం ఒక్కటే. 1926లో వెస్టర్‌గార్డ్ అనే ఇంజనీరు అమెరికాలో కాంక్రీటు రోడ్లకు ఆ దారినే వాడాడు. పట్టాల నుంచి రోడ్లకు, రోడ్ల నుంచి భవనాల పునాదులకు కె వచ్చి చేరింది.

చిక్కు అక్కడే మొదలైంది. పట్టా సన్నం, రాఫ్ట్ వెడల్పు. పలక ఎంత వెడల్పుంటే దాని బరువు నేలలోకి అంత లోతుగా దిగుతుంది, దాదాపు వెడల్పుకి ఒకటిన్నర, రెండు రెట్ల దాకా. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 9214 (1979) ప్రకారం కె పరీక్షకు వాడేది 75 సెంటీమీటర్ల వ్యాసమున్న ఇనుప పలక. దాని బరువు తెలిసేది పైనున్న మీటరున్నర మట్టికే. 20 మీటర్ల రాఫ్ట్ కిందనో, 30 మీటర్ల లోతున ఉన్న బంకమన్ను కూడా నలుగుతుంది.

ఈ తేడాను తేల్చి చెప్పినవాడు టెర్జాఘి అనే ఇంజనీరు. ఆయన పుట్టింది వింక్లర్ పాఠాలు చెప్పిన ప్రాగ్‌లోనే, 1883లో. 1955 నాటి వ్యాసంలో ఆయన అడుగు వెడల్పు పలకతో వచ్చిన విలువను పెద్ద పునాదికి ఎలా మార్చాలో సూత్రాలిచ్చాడు. 20 మీటర్ల పునాదికి ఆ లెక్క వేస్తే ఇసుకలో కె సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. బంకమన్నులో అరవై ఆరో వంతుకు! మట్టి అదే, విలువ వేరు. కనుక కె మట్టి గుణం కాదు. మట్టి, పునాది, బరువు మూడూ కలిస్తే వచ్చే ఫలితం.

ఆ వ్యాసంలోనే ఒక ఊరట కూడా ఉంది. పలకలో వంపు బలం కె నాలుగో మూలాన్ని బట్టి మారుతుంది. స్ప్రింగుల మీది పొడవైన దూలానికి కె రెట్టింపైనా వంపు బలం తగ్గేది 16 శాతమే. కాని కుంగుబాటుకి ఆ ఊరట లేదు.

డిజైన్ ఆఫీసుల్లో మరో అడ్డదారి బాగా నడుస్తోంది: నేల సురక్షితంగా మోయగల భారాన్ని 120తో గుణించడం. బౌల్స్ పాఠ్యపుస్తకం నుంచి వచ్చిన సూత్రమిది. నేల తన ఆఖరి బలం దగ్గర ఒక అంగుళం కుంగుతుందన్న ఊహ దాని వెనక ఉంది. ఆ ఊహను మీ స్థలంలో ఎవరూ పరీక్షించలేదు. నా దృష్టిలో ఇది తొలి అంచనాకు పనికొస్తుంది, తుది డిజైన్‌కు కాదు.

సరైన దారి తిరగేసి నడవడం. పూర్తి రాఫ్ట్ కొలతలతో, లోతున్న పొరలన్నీ కలుపుకొని ముందు కుంగుబాటు లెక్కించాలి. చదరపు మీటరుకు 15 టన్నుల బరువుకి 30 మిల్లీమీటర్లు కుంగుతుందంటే, కె ఘనపు మీటరుకు 500 టన్నులు. నిజమైన నేల నడుమ ఎక్కువ కుంగి పళ్లెంలా గుంటపడుతుంది, విడి స్ప్రింగులకు అది చేతకాదు. అందుకే అంచుల స్ప్రింగులకు నడిమివాటి కంటే దాదాపు రెట్టింపు బిగువు ఇచ్చే పద్ధతి వచ్చింది.

ఇల్లు కట్టించేవారికీ, డిజైన్ చేసే యువ ఇంజనీర్లకూ ఒక మాట. మట్టి పరీక్ష రిపోర్టు చేతికొచ్చినప్పుడు నేల ఎంత మోస్తుందని మాత్రమే అడగకండి. మా రాఫ్ట్ కొలతలకు ఎంత కుంగుతుందో రాసివ్వమని అడగండి.