చేతి గడియారము: నాడు, నేడు

వాన ఎప్పుడు వచ్చునో చెప్పలేని సీమ యాడికి. కాని రైలు వచ్చు వేళ చెప్పవచ్చును. 1871లో మద్రాసు రైలుమార్గము తాడిపత్రి, గుత్తుల మీదుగా రాయచూరు చేరినది. యాడికి చెంతనున్న రాయలచెరువు స్టేషను ఆ మార్గములోనిదే. అంతవరకు నీడను చూచి జాములు, ఘడియలు లెక్కించుకొన్న పల్లెకు నిమిషముతో పని పడినది. నాడు రైళ్ళు మద్రాసు కాలము ననుసరించి నడచెడివి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలము అమలులోనికి రాగా, గడియారపు ముల్లు సుమారు తొమ్మిది నిమిషములు ముందుకు జరిగినది.

ఆ నిమిషమును మణికట్టు మీదికి తెచ్చినవి ముఖ్యముగా స్విస్ గడియారములు. ఫావ్రె లూబా సంస్థ 1865లోనే మన దేశమున వర్తకము ప్రారంభించినది. వెస్ట్ ఎండ్ వాచీలు సైనికులలోను, రైల్వే ఉద్యోగులలోను ప్రసిద్ధి కెక్కినవి.

అట్టి గడియారమునకు ప్రతిదినము కీ ఇవ్వవలెను. చుట్టుకొన్న స్ప్రింగు విప్పారుచు పళ్ళ చక్రములను త్రిప్పును. గంటకు సాధారణముగా 18,000 మారులు కొట్టుకొను చిన్న చక్రమొకటి ఆ వేగమును అదుపు చేయును. పెద్దలు గొప్పగా చెప్పుకొన్న ‘పదిహేడు రాళ్ళు’ అలంకారమునకు కావు. ఇరుసులు అరిగిపోకుండ అమర్చిన కృత్రిమపు కెంపులు.

1969 డిసెంబరు 25న జపానులో సీకో సంస్థ క్వార్ట్జ్ చేతి గడియారమును అమ్మకమునకు పెట్టినది. నేటి క్వార్ట్జ్ గడియారములో స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించును. పాతది దినమునకు అరనిమిషము తప్పినను వింత లేదు. క్రొత్తది నెలకు పదిహేను సెకనులకు మించి తప్పుట అరుదు. 1970లో సుమారు 90,000 మంది పనిచేసిన స్విస్ పరిశ్రమలో, 1980 దశాబ్ది నడుమకు మూడవ వంతు మాత్రమే మిగిలిరి. మనకు పొరుగున బెంగుళూరులో, 1961లో సిటిజన్ సహకారముతో వాచీల తయారీ చేపట్టిన హెచ్.ఎం.టి.కిని ఆ పోటీ తప్పలేదు. 2016లో ఆ వాచీల సంస్థను మూసివేయ ప్రభుత్వము నిర్ణయించినది.

మరి ఏది ధరింపదగినది? ప్రసారశాలలో సెకనుతో పని గల మాకు క్రొత్తదే మేలు. పాత గడియారపు మూత సందున ఈ మెట్టసీమ ధూళి సులభముగా చొరబడును. లోని నూనె చిక్కబడును. మూడు నాలుగేండ్ల కొకమారు విప్పి శుభ్రము చేయింపవలెను. అయినను, అరిగిన భాగమును మార్చి తాతగారి గడియారమును మనుమని చేతిమీద నడిపింపవచ్చును. చౌక క్వార్ట్జ్ యంత్రము చెడినచో తీసి పారవేయుటే పరిపాటి. చింతింపవలసినది గడియారమును గూర్చి కాదు. బాగుచేయు చేతిని గూర్చి. కంటికి భూతద్దము బిగించుకొని కూర్చొను పనివారు తగ్గిపోవుచున్నారు. వారు లేనినాడు ఆ గడియారము పెట్టెలోని లోహపు ముక్క మాత్రమే.

రేడియోలో వేళ చెప్పగానే ఇంటి పెద్ద ముల్లు సరిచేసుకొనెడివాడు. తప్పు నడచు గడియారమే ఆయనను దినమున కొకమారు లోకముతో వేళ కలుపుకొనునట్లు చేసినది. మీ పెట్టెలో అట్టిది ఉన్నచో, పనివాడు దొరకు నాడే బాగుచేయించుకొనుడు. వేళ మేము చెప్పెదము.