జంగ్‌తో జంగ్

ఉర్దూలో యుద్ధానికి జంగ్ అంటారు, ఇనుముకు పట్టే తుప్పునూ జంగ్ అంటారు. నిజానికి రెండింటి అక్షరం వేరు, పలుకుబడీ వేరు. సాలార్‌జంగ్ బిరుదులోని జంగ్‌కీ, మేకుకు పట్టిన జంగ్‌కీ ఏ రిష్తా లేదు. కానీ తెలుగులో రాస్తే రెండూ ఒక్కటే. మర్హూమ్ అబ్బాజాన్ వదిలివెళ్లిన పద్మిని కారు చుట్టూ తిరిగినప్పుడల్లా తెలుగు లిపే సహీగా చెప్పిందనిపిస్తుంది నాకు.

వెనక చక్రం పైన రెండుచోట్ల, డ్రైవర్ డోర్ కింది అంచున ఒకచోట పెయింట్ పొక్కులు లేచాయి. అంతకుముందు ఏడాదే ఒక డెంటింగ్ దుకాణంలో ఇచ్చి తెచ్చాం. వాళ్లు జంగ్ మీదే పుట్టీ పూసి, పైన రంగు కొట్టి చేతులు దులుపుకున్నారు. అద్దంలా మెరిసింది. తర్వాతి బర్సాత్‌కు మళ్లీ అదే చోట ఉబ్బింది. "అమ్మేయ్ బేటా, మీ అబ్బా పేరు చెడగొట్టకు" అంది అమ్మీ. అప్పుడు పట్టుకున్నాను ఈ జంగ్ తారీఖ్‌ను.

తొలినాటి కార్లను బగ్గీల లెక్కనే కట్టారు. కింద బలమైన చట్రం, పైన కర్ర పంజరం, దానికి రేకులు. రేకుకు జంగ్ పట్టినా బండి ఎముకలు సలామత్. 1953లో ఫియట్ 1100 ఆ చట్రాన్ని వదిలేసింది. రేకునే మడిచి, పెట్టెల్లా వెల్డింగ్ చేసి, బాడీనే ఎముకలుగా మార్చింది. బొంబాయిలోని కుర్లాలో తయారైన మన పద్మిని ఆ ఖాందాన్ బిడ్డే. అంబాసిడర్‌దీ అదే తీరు. బరువు తగ్గింది, నిజమే. కానీ డోర్ల కింద ఉండే ఆ పెట్టెల్లో నీళ్లు నిలిస్తే లోపలినుంచి తినుకుంటూ వస్తుంది. పైకి పొక్కు కనబడేనాటికి లోపల సగం పని అయిపోయి ఉండొచ్చు. అందుకే "చిన్నదే కదా" అనే ముందు స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. దిగబడిందా, అది ఇంటి పని కాదు. వెల్డింగ్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లాల్సిందే. నా అదృష్టం, మూడుచోట్లా రేకు గట్టిగానే ఉంది.

ఢిల్లీ వెళ్లినవాళ్లు కుతుబ్ మినార్ పక్కన, కువ్వతుల్ ఇస్లాం మస్జిద్ సహన్‌లో నిలబడ్డ ఇనుప స్తంభాన్ని చూసే ఉంటారు. గుప్తుల జమానాది. ఏడు మీటర్లకు పైగా ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు. దాదాపు 1600 ఏళ్లుగా ఎండా వానా తింటున్నా జంగ్ దాన్ని తినలేకపోయింది. చాలామంది దీన్ని కరామత్ అనుకున్నారు. కాన్పూర్ ఐఐటీలో పనిచేసిన బాలసుబ్రహ్మణ్యం 2000లో అసలు సంగతి రాశారు. బొగ్గు కొలిమిలో సున్నం వేయకుండా తీసిన ఆ ఇనుములో భాస్వరం ఎక్కువగా మిగిలిపోయింది. అది ఇనుముతో కలిసి పలచని ఫాస్ఫేట్ పొరగా మారి, కంబళిలా కప్పుకుంది. నేటి ఉక్కులో భాస్వరం ఉంటే పెళుసవుతుందని దాన్ని తీసేస్తారు. కారు రేకుకు ఆ కంబళి ఉండదు.

లోహంలో లేనిదాన్ని పైనుంచి ఇవ్వొచ్చని 1906లో బర్మింగ్‌హామ్‌కు చెందిన థామస్ వాట్స్ కోస్లెట్ పేటెంట్ తీసుకున్నాడు. ఇనుప సామానును ఫాస్ఫారిక్ ఆమ్లంలో మరిగించడం అతని తరీకా. ఇవాళ హార్డ్‌వేర్ దుకాణంలో రస్ట్ కన్వర్టర్ పేరుతో దొరికే చాలా సీసాల్లో ఉండేది ఆ ఆమ్లమే. మస్జిద్ సహన్‌లోని స్తంభానికీ, నా చేతిలోని సీసాకూ ఉన్న చుట్టరికం తెలిశాక ఆ పని మీద నాకు మనసు పడింది.

ముందు రేగ్‌మాల్. ఫార్సీలో రేగ్ అంటే ఇసుక, మాల్ అంటే రుద్దడం. మన ఉప్పుకాగితమే. 80 నంబరుతో మొదలుపెట్టి, తెల్లటి లోహం మెరిసేదాకా, పొక్కు కంటే రెండు వేళ్లు వెడల్పుగా రుద్దాలి. డెంటింగ్ దుకాణంవాళ్లు ఎగ్గొట్టింది ఈ మెహనత్‌నే. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు కాబట్టి ముక్కుకు మాస్క్ పెట్టుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. గుంటల్లో మిగిలిన నల్లచుక్కల మీద కన్వర్టర్ రాసి, సీసా మీద రాసినంత సేపు ఆగాలి. తర్వాత తుడిచి ఆరబెట్టి, అదేరోజు ప్రైమర్ కొట్టాలి. లోహాన్ని ఉత్తగా వదిలితే రాత్రి తేమకే ఎర్రబడుతుంది. ప్రైమర్ రెండు పలచటి పూతలు, 400 నంబరు రేగ్‌మాల్‌తో నున్నగా చేసి, ఆపై రంగు. నేను మొదటిసారి తొందరపడి మందంగా కొట్టాను, కన్నీళ్లలా కారింది. మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాను. సబర్ లేనివాడికి స్ప్రే డబ్బా ఇవ్వకూడదు.

రంగుదీ ఒక కథే. బగ్గీల వార్నిష్‌తో కారుకు రంగు వేయడానికి వారాలు పట్టేది. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే త్వరగా ఆరే లాకర్ తెచ్చింది. డబ్బా మీద ఏ కంపెనీ పేరున్నా, పాత ఉస్తాద్‌లు నేటికీ "డ్యూకో కొట్టాలి" అంటారు.

కొత్త కార్లు ఇంత త్వరగా కుళ్లకపోవడానికి సగం పుణ్యం జస్తుది, అంటే జింకుది. 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ కరిగిన జస్తులో ఇనుమును ముంచే పద్ధతికి పేటెంట్ పొందాడు. కానీ రేకంతా జస్తు పూసిన కార్లు రావడానికి ఇంకా నూరేళ్లకు పైగానే పట్టింది. పోర్షె 911కు 1970లలో, ఆడీ 100కు 1980లలో. మన ఇళ్లలో నానీల పాన్‌దాన్ బిద్రీది ఉంటే చూడండి. అందులో ఎక్కువ భాగం జస్తే, జంగ్ ఊసే లేదు.

పని అయ్యాక డోర్ కింద ఎందుకు పట్టిందో వెతికాను. డోర్ అడుగున నీళ్లు పోయే సన్నటి సూరాఖ్‌లు ఉంటాయి. దుమ్ముతో, వేపాకులతో అవి మూసుకుపోయాయి. అబ్బా ప్రతి జుమా పొద్దున చీపురుపుల్ల పట్టుకుని కారు కింద ఏం పొడుస్తారో చిన్నప్పుడు మాకు అర్థమయ్యేది కాదు.