జీపు అడుగున దాగిన విద్య

ఖైరతున్నీసా బేగము పేరిట వెలసిన ఖైరతాబాదు నేడు పలువురకు రవాణాశాఖ కార్యాలయముగానే పరిచితము. వాహనమునకు సంఖ్యయు, నడుపువానికి లైసెన్సును లభించు ఆ ప్రాంగణమున నిలుచువారిలో, అదే వాహనము అడుగున నూనెమసిలో పరుండి దానికి ఆయుష్షు పోయు పనివాండ్రను తలచుకొనువారు అరుదు.

1932 జూన్ 15వ తేదీన నిజాం రాష్ట్ర రైల్వే తన రోడ్డు రవాణా విభాగమును 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభించెను. 1942లో స్థాపితమైన ఆల్విన్ కర్మాగారము, అమీర్‌పేటకు చేరువనున్న సనత్‌నగరున, బస్సులకు బాడీలు కట్టెను. అవి బాటమీది బండ్లు. బాట లేని చోటికి పోగల బండి రెండవ ప్రపంచయుద్ధమున పుట్టిన విల్లీస్ జీపు. 1947 నుండి మహీంద్రా వారు బొంబాయిలో దానిని కూర్చుట మొదలిడిరి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన ఆ దశాబ్దమున, గుట్టలు దాటి పోవలసిన ఇంజనీరునకు జీపే గుఱ్ఱము.

జీపున గేరుబాక్సు వెనుక మఱియొక పెట్టె కలదు. ట్రాన్స్‌ఫర్ కేసని దాని పేరు. ఇంజను శక్తిని వెనుక చక్రములకును, వలసినపుడు ముందు చక్రములకును పంచుట దాని పని. విల్లీస్ జీపులలోని స్పైసర్ 18 రకమున, గేరుబాక్సు మెయిన్ షాఫ్టు తోకయే ఈ పెట్టెలోనికి చొచ్చుకొనివచ్చి, తాను ధరించిన పళ్లచక్రముతో, నడిమి షాఫ్టుపైనున్న మఱొక చక్రమును త్రిప్పును. నడిమి షాఫ్టు తాను తిరుగదు. సూదులవంటి సన్నని రోలర్లమీద చక్రమే దానిచుట్టు తిరుగును. నూనె తగ్గినను, దుమ్ము చేరినను ఆ రోలర్లు ఉక్కును తొలిచి గాడులు వేయును. అంతట పళ్లు సరిగా కలియక రొద పుట్టును, షాఫ్టు కొననుండి నూనె కారును. యుద్ధకాలమున ముప్పాతిక అంగుళముండిన ఆ షాఫ్టు మందము 1950ల నాటికి ఒకటింబావు అంగుళమునకు పెరిగినదనగా, నిర్మాతలకును ఈ బలహీనత తెలియకపోలేదు. కావున పాత జీపునకు క్రొత్త షాఫ్టు కొనువాడు ముందు కొలత తీయవలెను.

ఆ షాఫ్టును మార్చుటకు, నూనె వంపి, ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పి, వెనుక మూత తీసి, మెయిన్ షాఫ్టు కొననున్న నట్టు విప్పి చక్రమును లాగుదురు. పిదప అడ్డుపలక తొలగించి నడిమి షాఫ్టును వెనుకకు కొట్టుదురు. రోలర్లు జలజల రాలును. వానిని గ్రీజుతో అంటించి ఒక్కొక్కటిగా మరల కూర్చుటలో పనివాని ఓర్పంతయు తేటపడును. అరిగిన షాఫ్టును లేతుపై నునుపుచేసి దిగవేయుట కొలదినాళ్ల పొదుపే. రోలర్లతోపాటు షాఫ్టును మార్చుటయే తగిన పని.

హైదరాబాదు షెడ్లలో ఈ విద్య ఉస్తాదునుండి శిష్యునకు, తెలుగు ఉర్దూలు కలిసిన మాటలలో, చేతినుండి చేతికే వచ్చెను. నేటి వాహనములు పెక్కింట పళ్లచక్రములకు మారుగా గొలుసు వచ్చినది. చెడినచో పెట్టెనంతయు మార్చుట ఆచారమగుచున్నది. ఖైరతాబాదున విశ్వేశ్వరయ్య భవనమున కొలువుదీరిన ఇంజనీర్ల సంస్థవారు, ఈ వృద్ధ ఉస్తాదుల యనుభవమును వారు బ్రతికియుండగనే తెలుగున వ్రాయింపవలెనని నా విన్నపము.