గడియారం స్ప్రింగు, పంటి నరం

నలభై ఏళ్లు తెనాలిలో గడియారాలు బాగుచేసి బతికినవాణ్ని. అందుకే మొన్న కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకోబోయి కుర్చీలో వెల్లకిలా పడుకున్నప్పుడు నా కళ్లు డాక్టరు మీద లేవు, ట్రే మీద ఉన్నాయి. వెంట్రుక కన్నా కాస్త లావు ఉక్కు తీగలు, సన్నగా మెలితిరిగి, ఒక్కోదానికి ఒక్కో రంగు పిడితో వరసగా పేర్చి ఉన్నాయి. "ఇవి మా సరుకులా ఉన్నాయే" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. బీడీఎస్ చదువుతున్న మా మనవరాలు మాత్రం "నిజంగా మీ సరుకే తాతయ్యా!" అంది.

1838లో అమెరికాలో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే పంటి వైద్యుడు గడియారం స్ప్రింగును ఆకురాయితో రాసి, ముళ్ల పుల్లలా చేసి, దాంతో పంటి వేరులోంచి నరం లాగాడట. స్ప్రింగే ఎందుకంటే ఆ సంగతి నన్నడగాలి. మామూలు తీగని వంచితే వంగినట్టే ఉండిపోతుంది. సూది అయితే పుటుక్కున విరుగుతుంది. పంటి వేరేమో వంకర దారి. ఆ వంకరలోకి వంగి వెళ్లి, బయటికి రాగానే మళ్లీ తిన్నగా నిలబడే ఉక్కు కావాలి. అది గడియారం కడుపులో ఉంది. తుపాకుల్లో నిప్పు పుట్టించే కాగితప్పట్టీ కనిపెట్టిందీ ఈ మేనార్డే. చేతులు ఊరుకోని మనిషన్నమాట.

అప్పటికి మత్తు సూది లేదు. 1836లో స్పూనర్ అనే ఆయన పాషాణం పెట్టి నరాన్ని చంపే పద్ధతి చెప్పాడు. రోజుల తరబడి పోటు, పైగా విషం పక్కకి పాకితే చిగురూ ఎముకా కూడా పోయేవి. 1884లో కొకైన్, 1905లో దాని బదులు ప్రొకైన్ వచ్చాకే మనిషి కుర్చీలో కదలకుండా కూర్చోగలిగాడు. నాకు పెదవి మొద్దుబారి, మాట ముద్దగా వచ్చింది. అంతకు మించి కష్టం లేదు.

మా నాయనమ్మ కాలంలో పన్ను పుచ్చితే లోపల పురుగు ఉందనేవారు. నిప్పుల మీద వాకుడు గింజలు వేసి, గొట్టంతో పొగ పట్టించి, నీళ్ల పళ్లెంలో పడ్డ తెల్లటి నలకలు చూపించి "ఇవిగో" అనేవాళ్లట. ఫ్రాన్సులో పియెర్ ఫోషార్ 1728లోనే తన పుస్తకంలో ఈ పురుగు మాటను కొట్టిపారేశాడు. మన వీధిదాకా రావడానికి ఆ మాటకి చాలా ఏళ్లు పట్టింది.

డాక్టరు పన్ను చుట్టూ రబ్బరు రేకు బిగించాడు. 1864లో న్యూయార్క్‌లో బార్నమ్ తెచ్చిన పద్ధతి. ఉమ్మి లోపలికి పోకూడదు. విప్పిన గడియారం మీద మేం గాజు బుడ్డి బోర్లించేది కూడా దుమ్ము పడకూడదనే కదా. తర్వాత బ్లీచింగ్ పౌడరు వాసన వేసే మందుతో కడగడం, ఫైలు (ట్రేలో చూసిన ఆ తీగల పేరదే) తిప్పడం, మళ్లీ కడగడం. వేరు కొస దగ్గర పడ్డప్పుడు పక్కనున్న యంత్రం కీచుకీచుమంది. కరెంటుతో వేరు పొడుగు కొలిచే ఈ ఉపాయాన్ని జపాన్‌లో సునాడా 1962లో అందించాడు.

ఖాళీ చేసిన దారిలో కూరేది గట్టాపర్చా, మలయా అడవుల్లోని చెట్టు పాలు. ఆ రోజుల్లో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగలకి తొడుగూ అదే. 1867లో బౌమన్ దాన్ని పంటి వేరులో పెట్టాడు. ఇన్నేళ్లయినా దాని చోటు పోలేదు.

కానీ మధ్యలో ఈ వైద్యానికే గండం వచ్చింది. 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లో ఉపన్యసిస్తూ, బంగారు తొడుగుల కింద కుళ్లు దాచి జబ్బులు తెస్తున్నారని మండిపడ్డాడు. ఆ ఊపులో కీళ్లనొప్పులకీ పళ్లే కారణమని, బాగుపడే పళ్లని కూడా దశాబ్దాల పాటు పీకేశారు. ఆయన శుభ్రత గురించి అన్నది నిజమే. జనం పట్టుకున్నది మాత్రం పటకారు. మా నాన్న కాలానికి మా ఊళ్లో పంటి నొప్పంటే పీకించుకోవడమే. అరవై నిండేసరికి ఆయన నోట్లో ఒక్క పన్నూ లేదు. రాత్రిళ్లు కట్టుడు పళ్లు గాజు గ్లాసులో ఉండేవి.

పాత ఫైళ్లకి ఏ కంపెనీ నంబరు ఆ కంపెనీదేనట. 1958లో ఇంగిల్ అందరికీ ఒకే కొలత ఉండాలన్నాడు. ఇప్పుడు ఎర్ర పిడి 25 అంటే మొన దగ్గర మిల్లీమీటరులో పాతిక వంతు కాదు, వందలో పాతిక వంతులు. అక్కడి నుంచి మిల్లీమీటరుకి రెండేసి వంతులు లావెక్కుతూ పదహారు మిల్లీమీటర్లు.

వాడిన ఫైలు ఇవ్వకూడదన్నారు. మా మనవరాలు కొత్తది తెచ్చిచ్చింది. రాత్రి స్క్రూగేజీ తీసి, కంటికి అద్దం బిగించుకుని, ఫైలు మెలికల పైకొస దగ్గర కొలిచాను. 57 రావాలి. 57 వచ్చింది.