సిరిలిక్ లిపికి కంప్యూటర్ కోడ్‌లు

రష్యన్ వర్ణమాలలో 33 అక్షరాలు. పెద్దబడి, చిన్నబడి కలిపితే 66. వీటిలో ఏ అక్షరానికి కంప్యూటర్‌లో ఏ సంఖ్య ఇవ్వాలన్న దానిపై సోవియట్ యూనియన్‌లోనూ, తర్వాత రష్యాలోనూ మూడు దశాబ్దాలకు పైగా ఏకాభిప్రాయం కుదరలేదు.

పంచ్ కార్డుల రోజుల్లో, 1964లో వచ్చిన గోస్ట్ 10859 అనే సోవియట్ ప్రమాణం అక్షరాల రూపాన్ని బట్టి నడిచింది. ఆల్గాల్ వంటి భాషల్లో ప్రోగ్రాములు రాయడానికి లాటిన్ అక్షరాలూ కావాలి, పట్టికలోనేమో చోటు తక్కువ. అందుకే రెండు లిపుల్లోనూ ఒకేలా కనిపించే అక్షరాలకు ఒకే కోడ్ ఇచ్చారు. రష్యన్‌లో ‘ర’ పలికే అక్షరం చూడటానికి అచ్చం లాటిన్ ‘పి’. ఉచ్చారణ వేరైనా రెండూ ఒకే సంఖ్య పంచుకున్నాయి. చిన్నబడి అక్షరాలకైతే చోటే లేదు.

1967లో వచ్చిన కోయ్-7 ఈ పద్ధతిని వదిలి ధ్వనిని పట్టుకుంది. దీని మూలాలు టెలిగ్రాఫ్‌లో ఉన్నాయి. అయిదు బిట్ల టెలిగ్రాఫ్ కోడ్‌లో 32 సంకేతాలే. ‘చ’ అక్షరానికి అందులో చోటు దొరక్క, దాన్ని పోలి ఉండే 4 అంకెను కొట్టేవారు. 1974 నాటి కోయ్-8 ఈ ధ్వని పద్ధతినే ఎనిమిది బిట్లకు విస్తరించింది. అందులో చిన్నబడి రష్యన్ ‘అ’ సంఖ్య 193. ఎనిమిదో బిట్‌ను, అంటే 128ని తీసేస్తే 65 మిగులుతుంది. అది పెద్దబడి లాటిన్ ‘ఏ’. ఏడు బిట్లే మోసే పాత లైన్ల మీద వెళ్లిన ‘మాస్క్వా’ (మాస్కో) అవతల లాటిన్ అక్షరాల్లో తేలేది: మొదటి ‘ఎమ్’ చిన్నబడి, మిగతావన్నీ పెద్దబడి. తలకిందులైనా చదువుకోవచ్చు. పెద్దబడి, చిన్నబడి ఇలా తారుమారు కావడం పొరపాటు కాదు. వచ్చింది చెడిన పాఠమని చూడగానే తెలియాలి కదా. ఇంత తెలివైన ఏర్పాటుకు మూల్యం అకారాది క్రమం. కోయ్-8 వరస యు, అ, బ, త్స, ద అంటూ సాగుతుంది. సంఖ్యలను బట్టి పేర్లను వరుసలో పెడితే ఆ జాబితా ఎవరికీ పనికిరాదు.

డాస్ కంప్యూటర్లతో మరో ఇబ్బంది వచ్చిపడింది. అమెరికన్ ప్రోగ్రాములు తెర మీద గడులు, చట్రాలు గీయడానికి 176 నుంచి 223 వరకు ఉన్న సంఖ్యలను వాడేవి. వాటిని కదిలిస్తే తెరంతా చెల్లాచెదురే. అందుకని 866 అనే కోడ్ పేజీలో చిన్నబడి వర్ణమాలను రెండు ముక్కలు చేశారు. సగం 160 దగ్గర, మిగతా సగం 224 దగ్గర మొదలవుతాయి. ఫిడోనెట్ అనే మెయిల్ నెట్‌వర్క్‌లో ఈ కోడ్ పేజీ వల్ల ఒక చిక్కు వచ్చింది. 866లో పెద్దబడి ‘న’ సంఖ్య 141. ఫిడోనెట్‌లో అదే సంఖ్య పంక్తి విరుపుకు గుర్తు. అక్షరం మాయమవుతుంటే జనం దాని బదులు అదే ఆకారంలో ఉండే లాటిన్ ‘హెచ్’ టైపు చేయసాగారు. 1964 నాటి పద్ధతి ఈ రకంగా దొడ్డిదారిన తిరిగొచ్చింది.

1988లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8859-5 వెలువడింది. వాడినవాళ్లు తక్కువ. 1933లో ఉక్రెయిన్ వర్ణమాల నుంచి తొలగించిన ‘గ’ అక్షరం 1990లో తిరిగి చేరింది. అప్పటికే ఖరారైన ఆ పట్టికలో దానికి చోటు లేదు.

1990 ప్రాంతంలో రూపుదిద్దుకున్న విండోస్-1251 అక్షరాలను 192 నుంచి 255 వరకు అకారాది క్రమంలో పేర్చింది. ‘యో’ మాత్రం ఆ వరసకు బయట పడింది. చివరి అక్షరం ‘య’కు దక్కిన 255తో సి భాషలో తలనొప్పి. చిహ్నమున్న బైట్‌గా చదివితే 255 కాస్తా మైనస్ ఒకటి అవుతుంది. చాలా వ్యవస్థల్లో అది ఫైలు ముగిసిందనడానికి గుర్తు. జాగ్రత్తగా రాయని ప్రోగ్రాములు ‘య’ రాగానే చదవడం ఆపేసేవి.

1993లో కోయ్8-ఆర్ పేరుతో ఇంటర్నెట్ పత్రాలకెక్కిన పాత కోడ్ మెయిల్‌లో, యూనిక్స్ యంత్రాల్లో పాతుకుపోయింది. ఇళ్లలో విండోస్, పాత యంత్రాల్లో డాస్, మెకింతోష్‌కు తనదంటూ మరో పట్టిక. ఒకదానిలో రాసింది ఇంకొకదానిలో తెరిస్తే వచ్చే గజిబిజిని రష్యన్లు ‘క్రకజ్యాబ్రీ’ అన్నారు. 1251లో రాసిన ‘వప్రోస్’ (ప్రశ్న) కోయ్-8లో ‘బ్నోప్న్యా’గా కనిపించేది. ఏ కోడ్‌లో చదువుతారని వెబ్‌సైట్లు ముందే అడిగేవి. కోడ్ ఊహించి సరిచేసే ఒక ప్రోగ్రాముకు సోవియట్ టీవీ గూఢచారి ష్టిర్‌లిట్స్ పేరు పెట్టారు. విదేశం నుంచి వచ్చిన ఒక పార్శిల్ మీద, ఈమెయిల్‌లో చెడిపోయిన చిరునామాను పంపినవారు ఉన్నదున్నట్టు చేత్తో రాశారు. తపాలా సిబ్బంది ఒక్కో అక్షరం విప్పుకుని అసలు చిరునామాను పైన రాసిపెట్టారు.

అన్ని లిపులకూ ఒకే పట్టిక అన్న ఆలోచనతో వచ్చిన 1991 నాటి తొలి యూనికోడ్, తెలుగుతో పాటు సిరిలిక్‌కూ స్థానమిచ్చింది. 1024 నుంచి 256 గడులు దానివి. వరస మాత్రం ఎవరూ పెద్దగా వాడని ఐఎస్ఓ 8859-5 నుంచి వచ్చింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో ఒక్కో సిరిలిక్ అక్షరానికి రెండు బైట్లు పడతాయి కనుక, రష్యన్ పాఠం పరిమాణం దాదాపు రెట్టింపైంది. ఎస్ఎంఎస్‌లోనూ అదే తేడా: లాటిన్‌లో 160 అక్షరాలు పడితే సిరిలిక్‌లో 70.

యూనికోడ్‌లోనూ ‘యో’ వరసకు బయటే ఉంది. ‘అ’ నుంచి ‘య’ వరకు 1072 నుంచి 1103 దాకా ఉంటే, ‘యో’ది 1105. ఆ రెండు సంఖ్యల మధ్య ఉన్నవే అక్షరాలని లెక్కకట్టే ఫారాలు, పేరులో ‘యో’ ఉన్నవారిని ఇప్పటికీ తప్పు పేరని తిప్పి పంపుతుంటాయి.