బంగారు గడప

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఆబిడ్స్‌లో చీరలకో గిన్నెలకో బేరమాడి నాంపల్లి స్టేషన్ వైపు నడిచే సోదరీమణులు, దారిలో ఒక పాత ఇంటి ముందునుంచి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటారో! దాని పేరు గోల్డెన్ థ్రెషోల్డ్. అంటే బంగారు గడప. మన ఇళ్ళకి దేవుళ్ళ పేర్లో, తాతల పేర్లో పెట్టుకుంటాం. ఈ ఇంటికి మాత్రం ఆ ఇంటి ఆడపడుచు రాసిన పుస్తకం పేరు పెట్టారు. ఆవిడే సరోజినీ నాయుడు.

ఆ కుటుంబానికి పెద్ద, ఆవిడ తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ. బెంగాలీ ఆయన. ఎడిన్‌బరోలో సైన్సులో డాక్టరేటు పుచ్చుకుని 1878లో హైదరాబాద్ వచ్చారు. ఆయన నడిపిన హైదరాబాద్ కాలేజీయే తరువాత నిజాం కాలేజీ అయింది. తల్లి వరదసుందరీ దేవి బెంగాలీలో పాటలు కట్టేవారు. 1879లో పుట్టిన పెద్దకూతురు లెక్కల్లో దిట్ట కావాలని తండ్రి కోరిక. ఆ పిల్లేమో పదకొండో ఏట ఆల్జీబ్రా లెక్క తెగక, దాని బదులు కవిత రాసేసింది! అయినా చదువు ఆగలేదు. 1891లో, పన్నెండేళ్ళకే, మద్రాసు మెట్రిక్ ప్యాసయింది. 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండు వెళ్ళింది. ఆడపిల్లకి ఊహ తెలియకముందే పుస్తె కట్టించే రోజులమ్మా అవి!

పిల్లని చదివించడం ఒక ఎత్తు, చదువుకున్న పిల్ల మనసుని మన్నించడం ఇంకో ఎత్తు. సరోజిని మనసుపడ్డ డాక్టర్ గోవిందరాజులు నాయుడుగారు తెలుగువారు, వేరే కులం వారు. 1898లో మద్రాసులో, 1872 నాటి వివాహ చట్టం ప్రకారం వారి పెళ్ళి జరిగింది. జరిపించింది ఎవరనుకున్నారు? మన కందుకూరి వీరేశలింగం పంతులుగారే!

‘ది గోల్డెన్ థ్రెషోల్డ్’ 1905లో లండన్‌లో అచ్చయింది. నలుగురు పిల్లల తల్లి అయిన ఆవిడ 1908 మూసీ వరదల్లో బాధితులకు అండగా నిలిచారు. 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలయ్యారు. 1947లో యునైటెడ్ ప్రావిన్సెస్ (తరువాతి ఉత్తరప్రదేశ్) గవర్నరై, 1949లో ఆ పదవిలోనే కన్నుమూశారు. తాత వదిలి వచ్చిన బెంగాల్‌కి 1956లో గవర్నరుగా వెళ్ళింది కూతురు పద్మజ.

ఆ పద్మజే ఈ ఇంటిని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం గచ్చిబౌలికి తరలకముందు మొదటి అడుగులు వేసింది ఈ గడపలోనే.

కొడుకు చదువుకి అప్పైనా చేస్తాం. కూతురి చదువు దగ్గరికొచ్చేసరికి పెళ్ళి ఖర్చు గుర్తుకొస్తుంది. ఈసారి అటు వెళ్ళినప్పుడు మీ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ ఇంటికి ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పండి.