ఒంటరి నావికుని పడవ



నేటి ప్రసంగమునకు ‘స్ప్రే’ అను తెరచాప పడవ వృత్తాంతమును గైకొంటిని. అమెరికాలో ఫెయిర్‌హేవను గ్రామమున ఒక పొలములో శిథిలమై పడియున్న ఆ పడవను జాషువా స్లోకమ్ అను కప్తాను 13 నెలలు శ్రమించి పునర్నిర్మించెను. 1895 ఏప్రిల్ 24న బోస్టను రేవు విడిచి, 1898 జూన్ 27న న్యూపోర్టు చేరి, భూగోళమును ఒంటిగా పడవపై చుట్టిన మొదటివాడయ్యెను.

దాని పొడవు 36 అడుగుల 9 అంగుళములు. వెడల్పో, 14 అడుగుల 2 అంగుళములు. చూచినవారు తొట్టియని పరిహసింపవచ్చును. కాని చాపలను సరిగా అమర్చి చుక్కానిని కట్టివేసినచో అది తనంతట తానే దారి పట్టి పోయెడిది! థర్స్‌డే ద్వీపమునుండి కీలింగు దీవులకు 2,700 మైళ్లు, 23 దినములు. అందు ఆతడు చుక్కాని పట్టినది మొత్తము 3 గంటలకు మించలేదు. నిద్రింపక తప్పని ఒంటరివానికి వేగముకంటె ఈ గుణమే ప్రాణాధారము.

దోషమును చెప్పక విడువరాదు. నిలకడకై వేసిన బరువు పడవలోపలి సిమెంటే. అడుగుదూలమునకు సీసముగాని ఇనుముగాని లేదు. వెడల్పువలన కొంతవఱకు ఒఱిగినను నిలిచును. మిక్కిలి ఒఱిగినచో తిరిగి లేచుట దుర్లభము. గోదావరిపై సరంగు బస్తాలను పట్టుబట్టి అడుగున సర్దించుట బాల్యమున చూచితిని. కారణ మప్పుడు తెలియలేదు.

1909 ప్రాంతమున మరల ఒంటరిగా బయలుదేరిన స్లోకమ్ తిరిగి రాలేదు, పడవయు రాలేదు. ఒఱిగి మునిగెనో, పెద్ద ఓడ తాకెనో, చూచినవారు లేరు.